హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు

భగవంతుని చేరుటకు భాగవతము తెలిపిన తొమ్మిది భక్తిమార్గములలో శ్రవణము మొదటిది, కీర్తనము రెండవది. ఈ రెంటికిని ధనముతో పనిలేదు, శాస్త్రపాండిత్యముతో పనిలేదు. చెవియు, నాలుకయు ఉండిన చాలును. అయినను నూటయేబది సంవత్సరముల క్రిందట తెలుగుదేశమున శాస్త్రీయసంగీతము వినవలెనన్న సామాన్యునకు అది తేలికగా లభించునది కాదు. విద్వాంసులు సంస్థానములలో నుండిరి. గాయకుని పాటకు రాజును, ఆయన కొలువులోని పది యిరువది మంది రసికులును శ్రోతలు. ఉత్సవదినములలో ఆలయమండపమున కచేరి జరిగినను, లోపలికి రాగలిగినవారు కొందరే. ఆనాటి కట్టుబాట్లవలన ప్రాకారము దాటి రాలేనివారు అనేకులు. పల్లెలో పొలము దున్నుకొను రైతునకు కల్యాణి యననేమి, కాంభోజి యననేమి తెలియు నవకాశమే లేదు. ఆ విద్యను రాజసభనుండి వీథిపందిరికి తెచ్చి, చదువురాని జనుల మధ్య నిలువబెట్టి, శాస్త్రమునకు లోపము రానీయకుండ వినిపించిన మహానుభావుడు శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు.

హరికథ దాసుగారు పుట్టించినది కాదు. దాని మూలము మహారాష్ట్రదేశపు కీర్తనసంప్రదాయమున నున్నది. పాండురంగని సన్నిధిలో సాధువులు నామము పాడుచు, మధ్యమధ్య కథ చెప్పుచు చేసిన కీర్తనము తంజావూరి మరాఠా ప్రభువుల కాలమున దక్షిణమునకు దిగి, అక్కడ కర్ణాటకసంగీతముతో కలిసి కథాకాలక్షేపమై వెలసెను. మన తెలుగు సీమలో ఈ సంప్రదాయములు పొరుగుపొరుగున నుండు తావులు కలవు. జహీరాబాదు అట్టిది. 1956 వరకు ఆ ఊరు బీదరు జిల్లాలో నుండెను. అక్కడి సంతలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును వినవచ్చును. పండరిపురమునకు పోవు యాత్రికుడు షోలాపురము చేరుటకు పట్టు బాట ఆ ఊరిమీదుగానే సాగుచున్నది. ఒకవైపు తుకారాముని అభంగములు, ఒకవైపు పురందరదాసుని పదములు, ఒకవైపు రామదాసు కీర్తనలు; మూడింటికిని వస్తువు ఒక్కడే స్వామి. అదే బాట తూర్పునకు సాగి భాగ్యనగరమును, బెజవాడను దాటి బందరు సముద్రతీరమున ముగియును. ఆ బందరులోనే నారాయణదాసుగారు తమ అసాధ్యాష్టావధానముతో పండితులను అబ్బురపరచిరి. ఆ విషయము తరువాత చెప్పుకొందము.

దాసుగారు 1864వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన, రక్తాక్షి నామ సంవత్సర శ్రావణమాసమున, అజ్జాడ అగ్రహారమున జన్మించిరి. ఆ గ్రామము నేడు పార్వతీపురం మన్యం జిల్లా బలిజిపేట మండలమున నున్నది. తండ్రి వేంకటచయనులుగారు, తల్లి లక్ష్మీనరసమాంబగారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. ఆ పేరే లోకుల నోట నారాయణదాసై నిలిచినది. ఆ ఇంట పోతనగారి భాగవతము నిత్యము వినబడుచుండెడిది. శిశువు మాటలు నేర్చుచునే పద్యములు నేర్చెను. అయిదేండ్ల ప్రాయమున తీర్థమునకు తీసికొనిపోగా, పుస్తకముల అంగడియెదుట నిలిచి భాగవతము కావలెనని పట్టుపట్టెననియు, అంగడివాడు నవ్వి నీకది చదువ వచ్చునా యని యడుగగా కంఠస్థమైన పద్యములను గొంతెత్తి పాడెననియు, ఆశ్చర్యపడి అతడు పుస్తకమును ఊరకే యిచ్చెననియు పెద్దలు చెప్పుదురు. కథ చెప్పుచు గుమిగూడిన జనులను ఆకట్టుట అన్నది ఆయనకు ఆనాడే మొదలైనది కాబోలు.

బాలుని గాత్రమును గుర్తించి బొబ్బిలి సంస్థాన వైణికులైన వాసా సాంబయ్యగారు వెంటబెట్టుకొని పోయి సంగీతము చెప్పిరి. ఆ గురుశుశ్రూష ఎక్కువకాలము సాగలేదు. పిమ్మట విజయనగరము చేరి ఇంగ్లీషు చదువులో ప్రవేశించి, 1886లో మెట్రిక్యులేషన్ పరీక్షయందు కృతార్థులైరి. సంస్కృతము, తెలుగు, సంగీతము ఎక్కువభాగము స్వయంకృషిచే సాధించినవే. వేదమైనను, వ్యాకరణమైనను గురుముఖమున నేర్వవలెనని పాఠశాలలో చదివినవారి నమ్మకము. దాసుగారి విషయమున ఆ నియమమునకు సడలింపు ఒప్పుకొనక తప్పదు. అట్టి ధారణ వేయిమందిలో ఒకనికి ఉండునేమో.

వారి జీవితమును మలుపుత్రిప్పిన సంవత్సరము 1883. చెన్నపట్టణమునుండి కుప్పుస్వామినాయుడను భాగవతులు విజయనగరమునకు వచ్చి హరికథ చెప్పిరి. పందొమ్మిదేండ్ల నారాయణదాసు ఆ సభలో కూర్చుండి వినెను. ఒక్కడే మనిషి; అతడే గాయకుడు, అతడే నటుడు, అతడే పౌరాణికుడు. కవిత్వము, గానము, నాట్యము, అభినయము, లోకవ్యవహారము అన్నియు ఒక్క దేహమున నిలువగల విద్య యిది యని యువకునకు తోచినది. తనకు దైవమిచ్చిన శక్తులన్నియు ఒక్కచోట పనికివచ్చు తావు దొరికినది. కొలది కాలములోనే ధ్రువచరిత్రమును స్వయముగా రచించి, విజయనగరమున వేణుగోపాలస్వామి సన్నిధిలో మొదటి కథ చెప్పిరి. సవతితల్లి మాటకు నొచ్చి అడవికిపోయి హరిని మెప్పించిన పసివాని కథతో తెలుగు హరికథ మొదలగుట ఎంత యుక్తముగా నున్నది! ఆ పిమ్మట అంబరీషచరిత్రము, గజేంద్రమోక్షము, ప్రహ్లాదచరిత్రము, రుక్మిణీకల్యాణము, భీష్మచరిత్రము, సావిత్రీచరిత్రము, హరిశ్చంద్రోపాఖ్యానము, జానకీశపథము వెలువడినవి. రామకథను యథార్థరామాయణమను పేర పలు కథలుగా విభజించి రచించిరి. వైష్ణవులయిండ్ల నిత్యము స్మరించుకొను భాగవతోత్తములలో దాసుగారి గజ్జె ఘల్లుమనని వారు అరుదు.

ఇక సంచారము. ఆ రోజులలో విజయనగరమునకు రైలు లేదు. తూర్పుతీరపు రైలుమార్గము ఉత్తరదిశగా 1890 తరువాతనే నడచినది. అందుచేత దాసుగారు అన్నగారితో కూడి నరసన్నపేట, బరంపురము, ఛత్రపురము వైపు సాగిన తొలిదినముల యాత్రలు ఎడ్లబండిపైనను, కాలినడకనుమాత్రమే. ఊరు చేరిన వెంటనే కథ కుదురవలెనన్న నియమము లేదు. ఎవరో గృహస్థు ఆదరించవలెను, పదిమంది చందాలు వేసికొనవలెను, పందిరి లేవవలెను. ఒకచోట పట్టుశాలువ, ఒకచోట పస్తు. ఇట్టి తిరుగుడులో ఆయన నేర్చినది గురుకులమున నేర్వదగినది కాదు. ఏ ఊరి జనుడు దేనికి నవ్వును, దేనికి కంటనీరు పెట్టును, ఎంతసేపు రాగమును ఓర్చును, ఎక్కడ నిద్రపోవును అన్న విషయము ఆయనకు అరచేతి రేఖవలె తెలిసినది.

ఆ నాటి హరికథారాత్రి ఎట్లుండెడిదో నేటి పిల్లలకు తెలియుట కష్టము. శ్రీరామనవమికో, కృష్ణాష్టమికో ఊరి నడివీథిలో తాటాకుల పందిరి వేయుదురు. భోజనములై, పశువులకు మేతవేసి, పిల్లలను చాపలతోసహా ఎత్తుకొని జనులు వచ్చుసరికి రెండవజాము దగ్గరపడును. పక్క పల్లెలనుండి బండ్లు కట్టుకొని వచ్చినవారు ఎడ్లను విప్పి బండ్లమీదనే కూర్చుందురు. ఆలయములోనికి రాలేనివారు సైతము పందిరి అంచున నిలువగలరు, వీథి అందరిదిగదా. నూనెదీపముల వెలుతురున ఒకవైపు ఫిడేలు, ఒకవైపు మృదంగము, వెనుక శ్రుతి. నడుమ దాసుగారు. పట్టుపంచె, నడుమునకు బిగించిన ఉత్తరీయము, మెడలో పూలదండ, కాళ్ళకు గజ్జెలు, చేత చిడతలు. మైకు అన్నది లేదు. వేలమంది కూర్చున్నను చిట్టచివరివానికి వినబడు గంభీరకంఠము ఆయనది. ఇష్టదేవతాప్రార్థన ముగిసి కథ యెత్తుకొనినచో అర్ధరాత్రి దాటినను లేచిపోవువాడు లేడు.

పండితులు కొందరు ఇక్కడ ఒక ఆక్షేపణ చేసిరి. దాసుగారి రచన సులభము కాదు. దీర్ఘసమాసములు, అపురూపమైన రాగములు, చిక్కు తాళములు, శ్లేషలు నిండి యుండును. ఇది పామరునకు ఏమి బోధపడును? బోధపడనిదానిని వానియెదుట పాడుట విద్యను నేలపాలు చేయుటయే గాదా? లేక వానికొరకు విద్యను తగ్గించినచో శాస్త్రము చెడదా? ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. నేటికిని సంగీతమును పల్లెలకు తీసికొనిపోవుదుమని బయలుదేరినవారందరు దీనియొద్దనే తడబడుచున్నారు. ఒకరు కచేరిని ఉన్నదున్నట్లు వినిపించి శ్రోతలు లేచిపోగా నిట్టూర్చుదురు. మరియొకరు చవుకబారు వరుసలు పాడి చప్పట్లు కొట్టించుకొందురు.

దాసుగారు ఈ రెండును చేయలేదు. పాటను తగ్గించలేదు; పాటచుట్టును మెట్లు కట్టిరి. కథ అందరికిని తెలిసినదే. ప్రహ్లాదుడు స్తంభమువైపు చూపునని పసిపిల్లకు సైతము తెలియును. కనుక మాట బోధపడకున్నను సందర్భము బోధపడును. కీర్తనకు ముందు వచనములో, ఊరివారి పలుకుబడిలో, విషయమును విప్పుదురు. పాట సాగుచుండగా చేయియు, కన్నును, అడుగును అర్థమును చెప్పుచుండును. పద్యము తరువాత పిట్టకథ, పిట్టకథ తరువాత హాస్యము, నవ్వు ఆరక మునుపే మరల రాగము. హిరణ్యకశిపుని దర్పమునకు ఒక రాగము, పసివాని మొరకు ఒక రాగము అని విడివిడిగ వినిన రైతు, రాగమునకు పేరు తెలియకున్నను దాని స్వరూపమును గుండెలో నిలుపుకొనును. మరునాడు నాగలి పట్టినప్పుడు అతని నోట అదే వరుస వినవచ్చును. రాగము పేరు చెప్పగలిగి స్వరూపము గుర్తింపలేని పట్టణపు శ్రోతకన్న ఇతడు తక్కువవాడా? సంగీతము తెలియుట యననేమో ఈ సందర్భమున ఆలోచింపదగును.

లయవిషయమున దాసుగారి సామర్థ్యము నేటివారికి కట్టుకథవలె తోచును. రెండు కాళ్ళ రెండు తాళములు, రెండు చేతుల రెండు తాళములు, శిరస్సున వేరొక తాళము, ఇట్లు అయిదింటిని ఏకకాలమున నడపి, పాట పాడుచు, అన్నిటిని ఒక్క ముక్తాయమున కలుపుటను పంచముఖి యనిరి. బందరులో చేసిన అసాధ్యాష్టావధానమున ఇట్టి తాళప్రయోగములతోపాటు ఆశుకవిత్వమును, పృచ్ఛకుల ప్రశ్నలకు సమాధానములను కలిపి నడపిరి. లయబ్రహ్మ యని, పంచముఖీ పరమేశ్వరుడని బిరుదులు వచ్చినవి. ఈ విద్య పండితసభలకొరకు చేసిన ప్రదర్శనము. పల్లెపందిరిలో దీనిని అతిగా వాడక, కథకు కావలసినంతవరకే వాడుట ఆయన వివేకము.

రాజాదరణము లభింపకపోలేదు. మైసూరు ప్రభువులు చామరాజేంద్ర ఒడయరువారు వారి కథ విని సత్కరించిరి. విజయనగర ప్రభువులు ఆనందగజపతివారు స్వయముగా రసికులు, ఆస్థానమున గౌరవస్థానమిచ్చిరి. అయినను దాసుగారిది వంగని మెడ. వారి ధిక్కారమును గురించి, కోపమును గురించి ఉత్తరాంధ్రమున కథలు కథలుగా చెప్పుకొందురు. ఆత్మకథయైన నా యెరుకలో తమ యౌవనచాపల్యములను గూడ దాచక వ్రాసికొనిరి. భక్తుల చరిత్రలు చదువ నలవాటుపడినవారికి ఆ పుస్తకము కొంత ఇబ్బంది కలిగింపవచ్చును. కాని దానిని చదివినపిదప ధ్రువుడును, అంబరీషుడును ఆ కంఠమున అంతటి నిజముతో ఎట్లు పలికిరో కొంత తెలియును. లోకమును చూచినవాడు చెప్పిన వైరాగ్యమునకు బరువు హెచ్చు.

1919లో విజయనగరమున మహారాజుగారి గానపాఠశాల వెలసినది. నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. నరులకొలువు చేయనని పట్టుపట్టిన దాసుగారు, పాఠశాల శ్రీరామునిపేర నుండుటచే స్వామికొలువుగా భావించి ఒప్పుకొనిరని ప్రతీతి. దానికి విజయరామ గానపాఠశాల యన్న పేరు ప్రసిద్ధము. ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఫిడేలు ఆచార్యులుగా అక్కడనే చేరిరి. ఊరూర తిరిగి సంగీతమును జనులయొద్దకు తీసికొనిపోయిన దాసుగారు ఇప్పుడు ఒకచోట కూర్చుండగా ఊరూరినుండి పిల్లలు వారియొద్దకు వచ్చుట మొదలిడెను. సంస్థానపు విద్వాంసుని కుమారుడు మాత్రమే నేర్చెడి విద్య ఎవరికైనను నేర్పదగినదైనది. 1936లో దాసుగారు విరమింపగా నాయుడుగారు ఆ పీఠమెక్కిరి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు సంగీతమభ్యసించినది ఈ పాఠశాలలోనే. తెలుగువారి ఇంటింట తెల్లవారుజామున వినబడిన ఆ కంఠమునకు పునాది ఈ గడపలోనే పడినది.

దాసుగారి గ్రంథముల పట్టిక పెద్దది. తొంబది రాగములను గుదిగ్రుచ్చిన దశవిధరాగనవతి కుసుమమంజరిని, సంస్కృతమున హరికథామృతమును రచించిరి. కాళిదాసును, షేక్స్పియరును ప్రక్కప్రక్కన నిలిపి నవరసతరంగిణి చేసిరి. పారసీకము నేర్చి ఉమర్ ఖయ్యాము రుబాయీలను మూలమునుండియు, ఫిట్జెరాల్డు ఇంగ్లీషునుండియు సంస్కృతమునకును, అచ్చతెనుగునకును మార్చి 1932లో ప్రకటించిరి. సంస్కృతపదము తగులని అచ్చతెనుగుపై వారికి వ్యామోహము మెండు. లలితాసహస్రనామములనుగూడ తల్లివిన్కి యని అచ్చతెనుగు చేసిరి. నిజము చెప్పవలెనన్న ఆ అచ్చతెనుగుకన్న సంస్కృతమే మనకు సులభముగా బోధపడును! వీథిపందిరిలో జనునకు అంత చేరువైన కవి, కాగితముపై ఇంత దూరమగుట వింత. గొంతు, గజ్జె, చేతి విసురు లేని ఆయన రచన సగమే రచన యని దీనివలన తేలుచున్నది. ఆ మిగిలిన సగము పందిళ్ళలోనే ఆవిరియై పోయినది.

ఉద్యోగవిరమణానంతరము విజయనగరమున శేషజీవితము గడపి, 1945వ సంవత్సరము జనవరి 2వ తేదీన ఎనుబది యేండ్ల ప్రాయమున పరమపదించిరి.

ఆయన తరువాత హరికథ కొంతకాలము దేదీప్యమానముగా సాగినది. శిష్యులు, ప్రశిష్యులు జిల్లాజిల్లాల గజ్జెకట్టిరి. పిమ్మట సినిమా వచ్చినది, మైకు వచ్చినది. మైకు రాగానే కంఠసాధన తగ్గినది. సినిమా రాగానే కొందరు భాగవతులు ఆ వరుసలను కథలోనికి దింపిరి. హాస్యము పెరిగి హరి తగ్గెను. వారిని నిందింపలేము; చందాలు వేయువారే అట్టిది కోరిరి, దాసరికి ఇల్లు గడువవలెను. ఇంతలో పల్లెవాడు మాత్రము ఒక్కరాత్రి పందిరిలో అయిదారు గంటలు రాగములు వినెడి భాగ్యమును కోల్పోయెను. దాని స్థానమున ఇంకొకటి వచ్చినదా యన్నచో, పట్టణముల సభామందిరములలో కచేరీలు పెరిగినవి. పల్లెకు పోయినవి తక్కువ.

1973లో గోదావరీతీరమున కపిలేశ్వరపురమున శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల ప్రారంభమైనది. అక్కడ పేదయిండ్ల బాలికలు చేరి, తెల్లవారుజామున సరళీవరుసలతో మొదలిడి, తాళము, పద్యము, అభినయము క్రమముగా నేర్చి, గజ్జెకట్టి ఊరూరి ఉత్సవములకు వెళ్ళి కథలు చెప్పిరి. దాసుగారి కాలమున స్త్రీలు హరికథ చెప్పుట అరుదు. పురుషకంఠమునకు వ్రాసిన ఆ కీర్తనలను ఆ బాలికలు తమ శ్రుతిలో ఎత్తుకొని పాడిరి.